వర్చువల్ డ్రైవ్ ఎక్కించగానే నీలం తెర: ఫార్మాట్ కొట్టే ముందు

ముహూర్తాలు లేని నెలల్లో ఫోటో స్టూడియోల వాళ్లు పాత హార్డ్ డిస్కుల దుమ్ము దులుపుతారు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట తీసిన పెళ్లి సీడీ పోయింది, ఇంకో కాపీ కావాలని ఎవరో వస్తారు. వెతికితే ఎన్‌ఆర్‌జీ, ఎండీఎఫ్, బిన్ లాంటి తోకలున్న ఫైళ్లు దొరుకుతాయి. సీడీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా దాచుకున్న ఇమేజీలవి. ఇప్పటి సిస్టంకి సీడీ డ్రైవే ఉండదు. "డీమన్ టూల్స్ ఏసుకోరా" అని ఎవరో సలహా ఇస్తారు. ఇమేజీ ఫైలును సీడీలా చూపించే ఉత్తుత్తి డ్రైవ్, అంటే వర్చువల్ డ్రైవ్, అది. పెన్ డ్రైవ్‌లో ఏ కాలం నుంచో పడి ఉన్న సెటప్‌ని ఎక్కిస్తారు. సగం దాకా వెళ్లి తెర నీలంగా మారుతుంది. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ బొమ్మ కనిపించి, మళ్లీ నీలం. సీపీయూ చంకలో పెట్టుకుని శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కో, విజయనగరం గంటస్తంభం వైపుకో వెళ్తే వినిపించే మాట ఒకటే: "ఓఎస్ పోనాది, ఫార్మాట్ కొట్టీడమే."

ఓఎస్ ఎక్కడికీ పోలేదు. చాలాసార్లు తప్పంతా ఒక్క ఫైలుది. దాన్ని నిద్రపుచ్చితే అరగంటలో సిస్టం లేచి కూర్చుంటుంది. ఫార్మాట్ కొట్టినా ఆ పాత సెటప్‌నే మళ్లీ ఎక్కిస్తే మళ్లీ ఇక్కడికే వస్తారు. అందుకే ఆ ఫైలేమిటో, ఎందుకు కూలదోస్తుందో ముందు తెలియాలి.

వర్డ్, ఫోటోషాప్ లాంటి మామూలు ప్రోగ్రాం కూలిపోతే అదొక్కటే మూతపడుతుంది. సంతలో ఒక కొట్టు కట్టేసినంత మాత్రాన సంత ఆగదు కదా. వర్చువల్ డ్రైవ్ సంగతి వేరు. లేని డ్రైవ్‌ను ఉన్నట్టు విండోస్‌ని నమ్మించాలంటే అది విండోస్ గర్భగుడిలోకి, అంటే కెర్నెల్‌లోకి, పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాం అయిన తన డ్రైవర్‌ను పంపాలి. అక్కడ ఏ డ్రైవర్ తప్పటడుగు వేసినా విండోస్ దాన్ని ఒక్కదాన్నే ఆపి ఊరుకోలేదు. మీ డేటా పాడవకుండా మొత్తం యంత్రాన్నే ఆపేస్తుంది. నీలం తెర అంటే ఆ ఆపడమే. భయపెట్టేలా ఉంటుంది గానీ అది రక్షణ.

పాత డీమన్ టూల్స్, ఆల్కహాల్ 120 శాతం అనే సాఫ్ట్‌వేర్లకు మరో మెలిక ఉంది. ఇవి వాటంతటవే పనిచేయవు. ఎస్‌పీటీడీ అనే డ్రైవర్‌ను వెంట తెచ్చుకుంటాయి. స్కజీ పాస్ త్రూ డైరెక్ట్ అన్నదానికి పొట్టిపేరు అది, చేసింది డ్యూప్లెక్స్ సెక్యూర్. అప్పట్లో గేమ్ సీడీలకు సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ లాంటి తాళాలుండేవి. డ్రైవ్ అసలుదా నకిలీదా అని అవి తరచి చూసేవి. వాటి కన్ను కప్పడానికి ఎస్‌పీటీడీ కెర్నెల్ లోపల దాక్కుంటుంది, డిస్కుకు వెళ్లే ఆదేశాల దారిలో అడ్డంగా కూర్చుంటుంది, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలోని తన కీని ఎవరూ తెరవకుండా తాళం వేసుకుంటుంది. ఇవన్నీ రూట్‌కిట్ వైరస్ లక్షణాలే. అందుకే రూట్‌కిట్లను వెతికే సాధనాలకు, దీనికి ఎప్పుడూ పొసగదు. రెండూ ఒకే చోట చేయి పెడితే సిస్టం పడిపోతుంది. 64 బిట్ విండోస్‌లో ఇంకో కాపలా ఉంది. కెర్నెల్‌ను ఎవరైనా మార్చారా అని అది మధ్యమధ్యలో తనే తనిఖీ చేసుకుంటుంది. మార్పు కనిపిస్తే నీలం తెర మీద తప్పు రకం చెప్పే 109 నంబరు స్టాప్ కోడ్‌తో ఆగిపోతుంది.

ఇంత తంటా ఏ గేముల కోసమో, ఆ గేముల్లో చాలావరకు ఇప్పుడు నడవవు. సేఫ్‌డిస్క్‌కి అవసరమైన డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో పెట్టనే లేదు. విస్టా నుంచి 8.1 దాకా ఉన్నవాటిలో కూడా 2015 సెప్టెంబరు అప్‌డేట్‌తో ఆపేసింది. అంటే ఎస్‌పీటీడీ అనే దొంగతాళం చెవి మిగిలింది, అది తెరవాల్సిన తలుపు లేదు.

ఎప్పుడు పడింది?

బాగుచేసేవాళ్లు మొదట అడగాల్సింది "ఏ కోడ్ వచ్చింది" అని కాదు, "ఏ క్షణంలో పడింది" అని.

ఇన్‌స్టాల్ బార్ నడుస్తుండగానే పడితే డ్రైవర్ కెర్నెల్‌లో కాలు పెట్టిన తక్షణమే తగువు వచ్చిందన్నమాట. అప్పటికే ఇంకో వర్చువల్ డ్రైవ్ ఉండడం ఇందుకు మామూలు కారణం. ఆల్కహాల్ ఉన్న సిస్టంలో డీమన్ టూల్స్, దాని మీద ఇంకోటి, ఇలా "ఏది పనిచేస్తే అది" అని మూడు ఎక్కించినవి కనిపిస్తూనే ఉంటాయి. రెండో కారణం విండోస్‌కి సరిపడని పాత వెర్షన్. ఎక్స్‌పీ కాలంలో మైక్రోసాఫ్టే ఇచ్చిన వర్చువల్ సీడీ కంట్రోల్ ప్యానెల్ ఇప్పటికీ పెన్ డ్రైవ్‌లలో తిరుగుతోంది. అది 32 బిట్ ఎక్స్‌పీ కోసం చేసింది. 64 బిట్ విండోస్ 7లో, 10లో దానికి చోటు లేదు.

ఇన్‌స్టాల్ సాఫీగా అయి, రీస్టార్ట్ చేశాక లాగిన్ రాకముందే పడితే తప్పు బూట్ డ్రైవర్‌ది. ఎస్‌పీటీడీ ఈ రకమే. విండోస్ కళ్లు తెరవకముందే ఎక్కుతుంది. సేఫ్ మోడ్‌లో కూడా సిస్టం పడిపోతోందని కొందరు హడలిపోయి హార్డ్ డిస్కే పోయిందనుకుంటారు. బూట్ డ్రైవర్లు సేఫ్ మోడ్‌లో కూడా ఎక్కుతాయి, అదీ అసలు కారణం. ఎస్‌పీటీడీ చేసినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే పాత వెర్షన్లలో సేఫ్ మోడ్ బూట్ అవుతుండగా, ఎస్కేప్ నొక్కితే ఎస్‌పీటీడీని ఎక్కించను అని ఒక లైన్ వస్తుంది. ఆ రెండు మూడు సెకన్లలో నొక్కినవాడు అదృష్టవంతుడు.

విండోస్ బాగానే వచ్చి, ఇమేజీని తగిలించినప్పుడో, యాంటీవైరస్ స్కాన్ పెట్టినప్పుడో పడితే పైన చెప్పిన కాపలా గొడవను అనుమానించాలి. నీలం తెర లేకుండా కేవలం ఎక్స్‌ప్లోరర్ బిగుసుకుపోతే అది డ్రైవర్ తప్పు కాకపోవచ్చు. పాడైన ఇమేజీని చదవలేక తంటాలు పడుతూ ఉండవచ్చు.

ఇవేవీ కాకుండా, నీలం తెరే లేకుండా టక్కున ఆరిపోయి మళ్లీ ఆన్ అయితే సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి. ఎండాకాలం మధ్యాహ్నం వోల్టేజీ, బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్, దుమ్ము పట్టిన ఎస్‌ఎంపీఎస్ (సీపీయూకి కరెంటు అందించే డబ్బా), వీటిలో ఏదో ఒకటి. డ్రైవర్ ఫైళ్లు రాస్తున్న ఆ క్షణంలోనే కరెంటు పోయి సగం రాసిన డ్రైవర్ మిగిలితే అప్పుడు రెండు జబ్బులూ కలిసి కనిపిస్తాయి. అందుకే ఇలాంటి ఇన్‌స్టాల్ ఏదైనా యూపీఎస్ మీద చేయడం మేలు. ల్యాప్‌టాప్ అయితే చార్జింగ్ పెట్టి చేయాలి.

డ్రైవర్ గొడవనూ కరెంటు గొడవనూ విడదీయడానికి ఊహించనక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టంలోకి వెళ్లండి. అనుకోకుండా ఆగిన ప్రతిసారీ కెర్నెల్ పవర్ పేరుతో 41 నంబరు ఎంట్రీ ఉంటుంది. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ అనే వరుస చూడండి. అక్కడ 0 ఉంటే విండోస్ ఏ తప్పునూ నమోదు చేసుకోలేకపోయిందని అర్థం. ముందు కరెంటు, వేడి, ఎస్‌ఎంపీఎస్ చూసుకోవాలి. 0 కాక వేరే అంకె ఉంటే అది స్టాప్ కోడే. కాకపోతే నీలం తెర మీద అంకెలూ అక్షరాలూ కలిసిన లెక్కలో, అంటే హెక్స్‌లో ఉండేది ఇక్కడ మామూలు అంకెల్లో ఉంటుంది. 209 అంటే తెర మీది డీ1, డ్రైవర్ తాకకూడని సమయంలో తాకకూడని మెమరీని తాకింది. 126 అంటే 7ఈ, 80 అంటే 50, 265 అంటే 109. 123 వేరే కథ. అది 7బీ, బూట్ డిస్కు విండోస్‌కి కనపడలేదని అర్థం. డిస్కు దారిలో కూర్చునే ఫిల్టర్ డ్రైవర్‌ను సగంలో పీకేసిన చోట ఇది వస్తుంది. దాని గురించి కింద చెప్తాను.

కోడ్ తెలిస్తే జబ్బు రకం తెలుస్తుంది. దొంగ పేరు మాత్రం క్రాష్ సమయంలో విండోస్ రాసి పెట్టే డంప్ ఫైల్లో ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ అనే ఫోల్డర్ చూడండి. ప్రతి క్రాష్‌కీ తేదీ పేరుతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. నిర్‌సాఫ్ట్ వాళ్ల బ్లూస్క్రీన్‌వ్యూ ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. తెరవగానే ఏ డ్రైవర్ వల్ల అన్న కాలమ్‌లో పేరు చూపిస్తుంది. అక్కడ విండోస్ సొంత కెర్నెల్ ఫైలు పేరు వచ్చిందని విండోస్‌దే తప్పనుకోకండి. దెబ్బ తిన్నవాడి పేరు అది, కొట్టినవాడిది కాకపోవచ్చు. కింద అదే సమయంలో ఎక్కి ఉన్న డ్రైవర్ల పట్టీలో ఎస్‌పీ అక్షరాలతో మొదలై, మిగతా రెండక్షరాలు అర్థంపర్థం లేకుండా ఉన్న నాలుగక్షరాల డ్రైవర్ కనిపిస్తే అనుమానం దాని మీదే పెట్టండి. ఎస్‌పీటీడీ మారుపేరుతో తిరగడం మామూలే.

మినీడంప్ ఫోల్డర్ ఖాళీగా ఉంటే సిస్టం ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్మాల్ మెమరీ డంప్ ఎంచుకోండి. ఆటోమేటికల్లీ రీస్టార్ట్ టిక్ తీసేయండి. నీలం తెర చదివేదాకా నిలబడుతుంది. స్పీడు పెరుగుతుందని పేజ్ ఫైలును (మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే ఫైలు) పూర్తిగా ఆపేసిన సిస్టంలో డంప్ రాయడానికి చోటే ఉండదు. ఆ చిట్కా ఎవరు పుట్టించారో గానీ రోగ నిర్ధారణకు అదే పెద్ద అడ్డం.

లేవని సిస్టంని లేపడం

విండోస్ 10, 11లో ఎఫ్8 నొక్కడం మర్చిపోండి. విండోస్ బొమ్మ రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. ఇలా వరసగా రెండు మూడు సార్లు చేస్తే తనే రిపేర్ తెరకు వస్తుంది. రాకపోతే విండోస్ ఇన్‌స్టాల్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి తెరలో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ దొరుకుతుంది. కొత్త ల్యాప్‌టాప్ అయితే ఇక్కడే ఆగి ఒక్కటి చూసుకోండి. డిస్కు బిట్‌లాకర్‌తో గుప్తీకరించి ఉండవచ్చు, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి ముందే రాసి పెట్టుకోమని చెప్పండి.

రిపేర్ తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే మొదటి అస్త్రం సిస్టం రీస్టోర్. ఇన్‌స్టాల్‌కి ముందు రీస్టోర్ పాయింట్ ఉంటే పది, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది, మీ ఫోటోలు, డాక్యుమెంట్లు కదలవు. చాలా సిస్టంలలో సిస్టం ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉండి ఈ అస్త్రం తుస్సుమంటుంది. అప్పుడు రెండో దారి పట్టాలి.

కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇక్కడ పొరపడే చోటు ఒకటుంది. రిపేర్ తెరలో మీ విండోస్ డ్రైవ్ సీ కాకపోవచ్చు, డీ అయి ఉండవచ్చు. ముందు డిర్ కొట్టి విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఎక్కడున్నాయో చూడాలి. తర్వాత అక్కడి విండోస్ ఫోల్డర్, అందులో సిస్టం32, అందులో డ్రైవర్స్. ఎస్‌పీటీడీ ఫైలును తీసేయకండి. రెన్ ఆదేశంతో చివరి తోకను ఓల్డ్ అని మార్చండి. ఫైలు దొరక్కపోతే బూట్‌లో ఆ డ్రైవర్ ఎక్కదు, విండోస్ దాన్ని దాటుకుని ముందుకు వెళ్తుంది. తేడా వస్తే పేరు తిరిగి మార్చుకోవచ్చు.

ఇంకొంచెం శుభ్రమైన పద్ధతి రిజిస్ట్రీలో ఉంది. అదే ప్రాంప్ట్‌లో రెజ్‌ఎడిట్ కొట్టండి. హెచ్‌కీ లోకల్ మెషీన్ మీద నిలబడి, ఫైల్ మెనూలో లోడ్ హైవ్ అనండి. మీ విండోస్ డ్రైవ్‌లో సిస్టం32 కింద కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సిస్టం అనే ఫైలును ఎంచుకుని ఏదో ఒక పేరు పెట్టండి. అందులో సెలెక్ట్ అనే కీ మీద నొక్కితే కరెంట్ అనే విలువ కనిపిస్తుంది. అది 1 అయితే కంట్రోల్‌సెట్001లోకి, 2 అయితే 002లోకి వెళ్లాలి. ఇది చూడకుండా మొదటిదాంట్లో మార్చేసి, ఏమీ మారలేదేంటని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. ఆ సెట్‌లో సర్వీసెస్ కింద ఎస్‌పీటీడీ కీలో స్టార్ట్ అనే విలువ ఉంటుంది. 0 అంటే బూట్‌తో పాటే ఎక్కు అని, 4 అంటే ఎక్కనే వద్దు అని. 0ని 4 చేసి, పైకి వచ్చి అన్‌లోడ్ హైవ్ చేసి, రీస్టార్ట్ చేయండి. కీ మొత్తాన్ని తుడిచేద్దామని ప్రయత్నించకండి. లోపలి కాన్ఫిగ్ కీ తాళం వేసి ఉంటుంది. తెరవకపోయినా నష్టం లేదు.

విండోస్ వచ్చాక పని సగమే అయింది. డీమన్ టూల్స్‌నో ఆల్కహాల్‌నో కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేస్తే సాఫ్ట్‌వేర్ పోతుంది గానీ ఎస్‌పీటీడీ పోదు. అది ఇల్లు ఖాళీ చేయని అద్దెదారు. ఎస్‌పీటీడీకి విడిగా ఒక ఇన్‌స్టాలర్ ఉంటుంది, 32 బిట్‌కి ఒకటి, 64కి ఒకటి. దాన్ని నడిపితే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ బటన్లు వస్తాయి. అన్‌ఇన్‌స్టాల్ నొక్కాలి. ఆ బటన్ మసకగా ఉంటే డ్రైవర్ లేదన్నమాట. తర్వాత రీస్టార్టే చేయాలి, షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. షట్‌డౌన్ చేసినా కెర్నెల్‌ను డిస్కులో దాచి మళ్లీ అదే తెస్తుంది, తీసేశామనుకున్న డ్రైవర్‌తో సహా. రీస్టార్ట్ మాత్రమే కెర్నెల్‌ను మొదటి నుంచి లేపుతుంది.

డ్రైవ్ మాయమైతే

నీలం తెర పోయింది గానీ సిస్టంలోని అసలు డీవీడీ డ్రైవ్ కనిపించడం లేదంటే వెనక ఫిల్టర్ల చెత్త మిగిలింది. డివైజ్ మేనేజర్‌లో డ్రైవ్ మీద పసుపు గుర్తు, లోపల 19, 31, 39, 41 కోడ్‌లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. వర్చువల్ డ్రైవ్‌లు, సీడీ రాసే సాఫ్ట్‌వేర్లు సీడీ డ్రైవ్ దారిలో తమ పేరును అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే విలువల్లో రాసి పెడతాయి. ఫైలు పోయి పేరు మిగిలితే, లేని మనిషి సంతకం కోసం విండోస్ ఎదురుచూస్తూ డ్రైవ్‌నే ఆపేస్తుంది. రిజిస్ట్రీలో కరెంట్ కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ కింద 4డీ36ఈ965 అంకెతో మొదలయ్యే కీ సీడీ, డీవీడీ డ్రైవ్‌లది. దాన్ని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, ఆ రెండు విలువలను తీసేసి, రీస్టార్ట్ చేయండి. రోజూ వాడే సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత పనిచేయకపోతే దాన్ని మళ్లీ ఎక్కించుకోవాలి, అంతే.

పక్కనే 4డీ36ఈ967తో మొదలయ్యే కీ ఉంటుంది. చివర 5 బదులు 7. అది హార్డ్ డిస్కులది. చెయ్యి జారి అక్కడి ఫిల్టర్లు తీసేస్తేనో, అక్కడ పేరు ఉంచేసి డ్రైవర్ ఫైలును తుడిచేస్తేనో పైన చెప్పిన 7బీ ఎదురవుతుంది. డిస్కు ఫిల్టర్ ఏదైనా సరే, ముందు రిజిస్ట్రీలో పేరు కొట్టేయాలి, తర్వాతే ఫైలు జోలికి వెళ్లాలి. వరస తిరగబడితే బూట్ ఆగుతుంది.

ఇన్‌స్టాల్ చేయనివ్వని చోట

కొత్త సిస్టంలలో క్రాష్ కన్నా తిరస్కారమే ఎక్కువ కనిపిస్తుంది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉంటే పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. ఆఫ్‌లో ఉన్నదాన్ని ఆన్ చేయబోతే అడ్డొస్తున్న డ్రైవర్ల పట్టీ చూపిస్తుంది. నిజానికి పాత చెత్తను పట్టడానికి ఇదొక సులువైన ఉపాయం. దాన్ని ఆఫ్ చేసి, డ్రైవర్ సంతకాల తనిఖీ కూడా ఆపేసి "ఎలాగోలా" ఎక్కించమనే వీడియోలు బోలెడున్నాయి. కాపలాదారుని పంపేసి దొంగతనం అయిందని ఏడ్చినట్టే ఉంటుంది అది.

విండోస్ 7 మీదే నడుస్తున్న పాత సిస్టంలకు ఇంకో చిక్కుంది. కొత్త డ్రైవర్ల సంతకాలు ఎస్‌హెచ్‌ఏ2 పద్ధతిలో ఉంటాయి. వాటిని గుర్తుపట్టాలంటే 2015 మార్చిలో వచ్చిన 3033929 నంబరు అప్‌డేట్ ఉండాలి. అది లేకపోతే డ్రైవర్ మంచిదైనా కోడ్ 52 అని తిప్పి పంపుతుంది. అప్‌డేట్లు ఆపేసి ఏళ్లు గడిచిన సిస్టంలలో ఇదే జరుగుతుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

అసలు అవసరమా?

ఫైలు ఐఎస్‌ఓ (సీడీ ఇమేజీల్లో అన్నిటికన్నా మామూలు రకం) అయితే వర్చువల్ డ్రైవ్ వద్దు. విండోస్ 8 నుంచి ఫైలు మీద కుడి క్లిక్ చేసి మౌంట్ అంటే చాలు, పని అయ్యాక ఎజెక్ట్. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో ఉండాలి, కంప్రెస్ చేసిన ఫోల్డర్‌లో ఉండకూడదు అని తప్పు చూపిస్తే, రెండూ సరిగ్గానే ఉన్నా, డౌన్‌లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్ ఆ ఫైలుకు స్పార్స్ అనే గుర్తు తగిలించి ఉండవచ్చు. ఫైలును ఇంకో ఫోల్డర్‌కి కాపీ చేసి, ఆ కాపీని మౌంట్ చేస్తే సాధారణంగా తెరుచుకుంటుంది. లోపలి ఫైళ్లు మాత్రమే కావాలంటే 7జిప్‌తో తెరిచి బయటికి లాగవచ్చు, మౌంట్ కూడా అక్కర్లేదు.

ఎండీఎఫ్, బిన్, ఎన్‌ఆర్‌జీలను విండోస్ తెరవదు. అలాగని వెంటనే డ్రైవర్ ఎక్కించనక్కర్లేదు. ముందు ఒక లెక్క వేయండి. ఫైలు ప్రాపర్టీస్‌లో సైజు బైట్లలో ఉంటుంది. ఐఎస్‌ఓలో ఒక్కో సెక్టారు, అంటే డిస్కు డేటాలో ఒక్కో ముక్క, 2048 బైట్లు. సీడీని యథాతథంగా గీసిన ఇమేజీలో సెక్టారు 2352 బైట్లు. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టార్లు. మొదటి పద్ధతిలో అది 73,72,80,000 బైట్లు, రెండో పద్ధతిలో 84,67,20,000. మీ ఎండీఎఫ్ సైజు 2048తో శేషం లేకుండా భాగించబడితే (డీవీడీ ఇమేజీలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి), కాపీ ఒకటి తీసుకుని తోకను ఐఎస్‌ఓగా మార్చి మౌంట్ చేసి చూడండి. చాలావరకు తెరుచుకుంటుంది. ఎన్‌ఆర్‌జీలో తరచుగా ముందు 3,07,200 బైట్లు, అంటే 150 సెక్టార్లు, అదనంగా ఉంటాయి. అందుకే పేరు మార్చితే పనిచేయదు, మార్చే సాధనం కావాలి.

నిజంగా వర్చువల్ డ్రైవే కావాల్సి వస్తే విన్‌సీడీఈము చాలు. ఓపెన్ సోర్స్, ఐఎస్‌ఓతో పాటు క్యూ, ఎన్‌ఆర్‌జీ, ఎండీఎస్, సీసీడీలను తెరుస్తుంది, ఎస్‌పీటీడీ జోలికి పోదు. ఎక్కించే ముందు పాత వర్చువల్ డ్రైవ్‌లన్నీ తీసేసి, రీస్టార్ట్ చేసి, రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి.

పెళ్లి వీసీడీలకు మాత్రం ఈ దారి కూడా వద్దు. వీసీడీలో వీడియో ఉండే సెక్టార్లలో డేటా 2324 బైట్లు. 2048 బైట్ల ఐఎస్‌ఓలోకి మార్చితే ప్రతి సెక్టారులోనూ కొంత తెగిపోయి వీడియో గళ్లుగళ్లుగా ముక్కలవుతుంది. బిన్, క్యూ ఫైళ్ల జంటను వీసీడీగేర్‌కి ఇస్తే నేరుగా ఎంపెగ్ వీడియోను బయటికి తీస్తుంది. దానికి కెర్నెల్‌తో పనిలేదు. క్యూ ఫైలును మాత్రం ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోండి. అందులో రాసి ఉన్న బిన్ ఫైలు పేరు, డిస్కులో ఉన్న పేరు ఒకటి కాకపోతే ఏ సాధనమూ తెరవదు. "పెళ్లి కాపీ 2" అని ఎవరో పేరు మార్చిన చోటల్లా తప్పు ఇక్కడే దొరుకుతుంది.